ఎడమ వింగులో దెయ్యం

దెయ్యాన్ని చూశామని చెప్పేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు. దెయ్యంగా పనిచేసినవాడు తన అనుభవం చెబుతుంటే మీరెప్పుడైనా విన్నారా? లేదు కదా. అయితే కాస్త సర్దుకుని కూర్చోండి.

నేను బస్సు డ్రైవర్ని. ఇప్పుడు కాదు, నడుం నిలబడినన్నాళ్ళు. నేను చెప్పే కబుర్లు డిపోలో ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. ఒకసారి ఎదురుగాలి ఎంత బలంగా కొట్టిందంటే, బస్సు ముందుకు పోతున్నాననుకుంటూ వెనక్కి నడిచి బయల్దేరిన స్టాండుకే వచ్చేసింది. ప్రయాణికులు ఊరొచ్చిందనుకుని దిగి వెళ్ళిపోయారు. ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఇది ఎంత నిజమో ఇప్పుడు చెప్పబోయేదీ అంతే నిజం. కాకపోతే ఇందులో నేను సొంతంగా కలిపిందేమీ లేదు.

మా ఆవిడ బడిలో డ్రామా, డ్యాన్సు టీచరు. ఒకటో తరగతిలో చేరిన పిల్లలు పదో తరగతి దాటి వెళ్ళేదాకా ఆవిడ చేతి కిందే ఉండేవాళ్ళు. ప్రతి ఏడూ వార్షికోత్సవానికి ఒకటే నాటకం. ఒక నది కొండ మీద పుట్టి సముద్రంలో కలిసే కథ, ఆవిడే అల్లుకుంది. ఒకటో తరగతి వాళ్ళు గులకరాళ్ళు. కదలకుండా కూర్చోవడమే వాళ్ళ పాత్ర. ఆ వయసు పిల్లలకి అంతకంటే కష్టమైన పాత్ర ఇంకోటి లేదు. తరవాత చేపలవుతారు, కొంగలవుతారు, వానవుతారు, పడవవాళ్ళవుతారు. పదో తరగతికొచ్చాక వాళ్ళలో ఒకమ్మాయి నది అవుతుంది. బళ్ళో ఏ పిల్లనైనా ఆపి నువ్వెవరంటే పేరు చెప్పరు. "నేను చేపనండీ," అంటారు.

నేర్పే పద్ధతి కూడా ఆవిడదే. నది వెనక తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి నిలబడుతుంది. దాన్ని నీడ అంటారు. ఏడాది పొడుగునా నది ఏం చేస్తే నీడ అది చెయ్యాలి, మాట్లాడకూడదు. మరుసటి ఏడు నీడ ముందుకొచ్చి నదవుతుంది, దాని వెనక కొత్త నీడ చేరుతుంది. ఆవిడ నోటితో చెప్పేది బహు తక్కువ. స్టేజీకి కుడివైపు చాప మీద కూర్చుని, చెక్క మీద కర్రతో తాళం వేస్తూ ఉంటుంది. వెనక వరసలో ఎవరి చిటికెన వేలు వంగినా కర్ర ఆగిపోతుంది. కర్ర ఆగిందంటే హాలంతా ఎవరి వేళ్ళు వాళ్ళు చూసుకుంటారు.

ఆ ఏడు ఆవిడకి బళ్ళో చివరిది. మోకాళ్ళు మొరాయించడం మొదలుపెట్టాయి. తన తరవాత తన పాత శిష్యురాలే టీచరుగా వస్తోంది. పిల్లలు ఆమెని అప్పుడే చిన్న టీచర్ అని పిలుస్తున్నారు. ఎండలు ముదరకముందే వార్షికోత్సవం. హాల్లో ప్రాక్టీసులు మొదలైన రోజు మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏమండీ, మీరూ రండి. ఆ చెక్క నేను మొయ్యలేను," అంది.

ఆ హాలు గడప నేను తొక్కి చాలా ఏళ్ళయింది. ఆవిడకి తెలుసు. తెలిసే అడిగింది. మా ఇంట్లో కొన్ని సంగతులు మంచం కింద పెట్టె లాంటివి. ఊడ్చేటప్పుడు చీపురు దాని చుట్టూ తిరిగి పోతుంది గాని, ఎవరూ దాన్ని బయటికి లాగరు. నేను చెప్పులేసుకున్నాను.

హాలు ఏమీ మారలేదు. అదే దుమ్ము, అదే పౌడరు వాసన. చెక్క చాప దగ్గర పెట్టేశాను. ఆ తరవాత నా కాళ్ళు నన్నడక్కుండానే స్టేజీ వెనకనించి అటు వైపుకి, పక్కతెర చాటున ఉండే ఎడమ వింగులోకి నడిచాయి. తెర తాళ్ళ చుట్ట, ఓ బకెట్టు, కాలు విరిగిన కుర్చీ, వెనక సందులోకి తెరుచుకునే తలుపు. అక్కడ గోడకి భుజం ఆనించి నిలబడ్డాను. అటు తాళం మొదలైంది.

నది వేసే అమ్మాయి పొడుగ్గా, పల్చగా ఉంది. బాగా చేస్తోంది. కొండ దిగింది, రాళ్ళ మీద దూకింది, పడవల్ని మోసింది. సముద్రంలో కలిసే ముందు గిర్రున తిరగాలి. తిరగబోతూ ఒక్క క్షణం ఆగి, తల ఎడమకి తిప్పి, సూటిగా నా మొహంలోకి చూసింది.

"అమ్మోయ్!"

ఆ కేకకి పైకప్పు మీది పావురాలు లేచిపోయాయి. పిల్ల చతికిలబడింది. నీడ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏనాడూ కుదురుగా కూర్చోని గులకరాళ్ళు మొట్టమొదటిసారి నిజం గులకరాళ్ళలా బిగుసుకుపోయాయి.

"ఉన్నాడు టీచర్! నిజంగానే ఉన్నాడు! తెల్ల జుట్టు!"

మా ఆవిడ కర్ర కింద పెట్టింది. "ఆయన మా ఆయనేనమ్మా. అంత ప్రమాదమేమీ లేదు," అంది.

పిల్లలు పగలబడి నవ్వారు. నది మాత్రం నవ్వలేదు. మోకాలు గీసుకుపోయింది. ఇక ఆ రోజుకి చెయ్యనంది.

విరామంలో కుళాయి దగ్గర నన్ను చుట్టుముట్టారు. గొంతు మారుతున్న పడవవాడొకడు వాళ్ళకి నాయకుడు.

"తాతగారూ, మీరు అక్కడ నిలబడకూడదండీ. అది దానిది."

"దేనిదిరా?"

"దెయ్యానిది."

"అరెరే! చూసుకోలేదు. సీటు రిజర్వు చేసుకుందా?"

"జోకులొద్దండీ. నది తిరిగేముందు దానివైపు చూడాలి. చూడకపోతే కాలు పట్టుకుని లాగేస్తుంది. మా అక్క నది వేసినప్పుడు చెప్పింది. అక్కకి అంతకుముందు నది చెప్పింది."

"దెయ్యానికి మరీ అంత ముచ్చటేంట్రా, ఎవరో ఒకరు తనవైపు చూడాలని? నేను బస్సు నడిపేటప్పుడు ఒక దెయ్యం ఎక్కింది. పాపం కిటికీ సీటు ఇమ్మని కూడా అడగలేదు."

"అది వేరే దెయ్యం అయ్యుంటుందండీ," అన్నాడు వాడు చాలా మర్యాదగా.

"సరే, చూడాలన్నావుగా, ఎలా చూడాలి? నాకూ నేర్పండి. మళ్ళీ నా కాలు లాగుతుందేమో."

వాళ్ళు నీడని ముందుకి తోశారు. రెండు జడల పిల్ల. పుస్తకాల సంచీ కింద పెట్టింది. రెండడుగులు వేసి ఆగింది. గడ్డం కాస్త పైకెత్తింది. మెడ ఎడమకి తిప్పి, నా భుజం అవతల ఎక్కడో చూసింది. లోపలెక్కడో నవ్వొస్తున్నట్టు కింది పెదవిని పంటి కింద నొక్కిపెట్టి, గిర్రున తిరిగేసింది.

"ఆ పెదవి ఎందుకు కొరికావమ్మా?"

"ఏమోనండీ," అంది సంచీ తగిలించుకుంటూ. "అది స్టెప్పు."

నేను కుళాయి తిప్పాను. నీళ్ళు తాగకుండానే మళ్ళీ కట్టేశాను.

మాకో అమ్మాయి ఉండేది. అదీ గులకరాయిగా మొదలై, చేపై, కొంగై, నదిదాకా వచ్చింది. వార్షికోత్సవం నాడు కూడా నాకు సాయంత్రం ట్రిప్పు ఆలస్యమయ్యేది. బస్సు డిపోలో పెట్టి, ఖాకీ చొక్కా మీదే పరిగెత్తుకొచ్చి, వెనక సందులోంచి ఆ తలుపు తోసుకుని వింగులో నిలబడేవాణ్ణి. ఏ వేషంలో ఉన్నా, నాన్న వచ్చాడా లేదా అని అది అటు చూసేది. నేను బుగ్గలు పూరించి, కళ్ళు ముక్కు మీదికి తెచ్చి, టోపీ వెనక్కి తిప్పి పెట్టేవాణ్ణి. అది నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుని తిరిగేసేది. నాటకం అయ్యాక నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇవాళ కూడా ఆలస్యమే కదా నాన్నా!" అనేది. "ఏం చెయ్యనమ్మా, ఒక మబ్బొచ్చి రోడ్డుకి అడ్డంగా పడుకుంది. లేపేసరికి ఇంతసేపైంది," అనేవాణ్ణి. మరో ఏడు వంతెన నిద్రలో అటు తిరిగి పడుకునేది. ఏటా కొత్త కారణం చెప్పాలి, అది మా ఒప్పందం.

నది వేసిన ఏడు, సెలవుల్లో దానికి జ్వరమొచ్చింది. బడి తెరిచేసరికి అది లేదు.

బడి తెరిచిన రోజునే మా ఆవిడ చెక్కా కర్రా పట్టుకుని వెళ్ళిపోయింది. నేను మాత్రం ఆ వీధి వదిలేసి చుట్టు తిరిగి నడవడం అలవాటు చేసుకున్నాను. దాని పేరు మా ఇంట్లో మళ్ళీ ఎవరూ పలకలేదు. దాని గది తలుపు వేసే ఉంటుంది.

ఆ సాయంత్రం మా ఆవిడ వంటింట్లో పీట మీద కూర్చుని, చేపల వేషాలకి ఊడిన పొలుసులు కుడుతోంది. నేను గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను.

"నీకు తెలుసా?" అన్నాను.

ఏమిటని అడగలేదు. సూది ఆగలేదు. "తెలుసు."

"అందరూనా? ఇన్నేళ్ళూ?"

"ఆ తరవాతి ఏడు నది వేసింది చిన్న టీచరే. మన పిల్లకి నీడ అదేగా. మొదటి ప్రాక్టీసులోనే తల తిప్పి చూసింది. అది తప్పు. కర్ర ఆపాలి. చెయ్యి ఆగలేదు. అలాగే పోయింది. దాని నీడ చూసింది, ఆ నీడకి నీడా చూసింది."

"చిన్న టీచర్కి తెలుసా, ఎందుకో?"

"స్టెప్పే అనుకుంది. నేర్చుకున్నట్టే నేర్పుతోంది."

"చిటికెన వేలు వంగితేనే ఒప్పుకోవు..."

"సరిదిద్దాలంటే ఎందుకు తప్పో చెప్పాలి కదండీ." దారం పంటితో తెంపింది. "నాకేమన్నా నోరుందా, చెప్పడానికి?"

నాకు మాత్రం లోపల ఏదో పెద్ద సంబరంగా ఉంది, చెబితే నవ్వుతారు. ఆ మూసిన గది తప్ప దానిదంటూ మా దగ్గర ఏమీ మిగల్లేదనుకున్నాను. ఇదిగో, మెడ ఉంది, పెదవి ఉంది, ఏటా కొత్త ఒంట్లోకి మారుతూ ఇంకా నా కోసం చూస్తోంది.

"ఉండనీ," అన్నాను. "నువ్వు మానేశాక కూడా ఉండనీ. చిన్న టీచర్తో చెప్పు, దాన్ని మాత్రం ముట్టుకోవద్దని."

ఆవిడ తలెత్తి చూసింది. "రేపణ్ణించి తీసేస్తున్నా."

"ఏంటి తీసేసేది?"

"ఆ పిల్ల రాత్రిళ్ళు పడుకోవట్లేదుట. ఇవాళ్టిది కాదు, నది వేషం ఇచ్చినప్పటినించీ. ఆ మూల చూడాలంటేనే వణుకుట. అది కాలు జారి పడిపోతానేమోనని చూస్తోంది, మన పిల్ల చూసినట్టు కాదు."

"భయం పోగొడదాం. నేను కథ చెబుతా."

"మీ కథలు చాల్లెండి." సూది పక్కన పెట్టింది. "మన పిల్ల నాన్న వచ్చాడా అని చూసింది. చివరికి అది ఏమైపోయిందో చూశారా? దెయ్యమైపోయింది. నేను చేసిందే. నా చేత్తో నేనే తీసేస్తా. నా పిల్ల కోసం ఇంకొకరి పిల్ల భయపడితే నేనేం టీచర్ని?"

అనాలనుకున్నవి చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి మాత్రం ఇప్పటికీ గుర్తుంది: నేను చూసి ఒక్క పూటేగా అయింది, ఇంకో ఏడాదైనా ఆగలేవా అని. ఆవిడ మళ్ళీ సూదిలోకి దారం ఎక్కిస్తోంది. ఎక్కడం లేదు. నేను తీసుకుని ఎక్కించి ఇచ్చాను.

మర్నాడు హాల్లో ఆవిడ చాప మీదనించి లేచి స్టేజీ ఎక్కింది. పిల్లలు ఎప్పుడూ చూడని సంగతి అది. నది దగ్గరికి, దాని నీడ దగ్గరికి వెళ్ళి, "ఇక్కడ ఎటూ చూడక్కర్లేదు. ఎదురుగా చూసి తిరగండి," అంది.

"కానీ మేడమ్, అది..." అని చిన్న టీచర్ ఏదో అనబోయి, ఆవిడ మొహం చూసి మానేసింది.

నది గొంతు వినబడీ వినబడనట్టు ఉంది. "మరి కాలు జారితే టీచర్?"

"జారదు."

అంత తేలిగ్గా పోతుందా? మనసు వద్దన్నా మెడ వినలేదు. ఆ క్షణం రాగానే తలలు రెండూ వాటంతటవే ఎడమకి తిరిగిపోయేవి. నది ఏడుపు మొహం పెట్టేది. మా ఆవిడ దాని గడ్డం పట్టుకుని ఎదురుగా తిప్పేది. మళ్ళీ తాళం, మళ్ళీ అదే. రోజులు గడిచాయి. వింగులో నిలబడి నేను ఆ తల తిరిగిన ప్రతిసారీ లోపల్లోపల సంతోషించేవాణ్ణి. ఆ గడ్డం పట్టుకున్న చెయ్యి ఎవరిదో కూడా చూస్తూనే ఉన్నాను.

ఓ మధ్యాహ్నం అందరూ భోజనాలకి పోయారు. నది ఒక్కతే స్టేజీ అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది.

"రామ్మా," అన్నాను. "దెయ్యం ఇల్లు చూపిస్తా."

నా చొక్కా అంచు పట్టుకుని వచ్చింది. తాళ్ళు చూపించాను. బకెట్టు బోర్లించి చూపించాను. విరిగిన కుర్చీ చూపించాను. వెనక తలుపు బార్లా తెరిచాను. ఎండ లోపలికి వచ్చి పడింది. అప్పటికి పడవవాడి బృందం కూడా అన్నం మూతులతో వెనకే చేరింది.

"ఆ దెయ్యం నేనే," అన్నాను. "మా అమ్మాయి నది వేసేది. నేను ఆలస్యంగా వచ్చి ఇక్కడ నిలబడేవాణ్ణి. నాన్న వచ్చాడా లేదా అని చూసుకునేది. అంతే. దాన్ని చూసి ఇంకో పిల్ల, ఆ పిల్లని చూసి ఇంకోతి. అలా మీదాకా వచ్చింది."

జీవితంలో మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పాను. పడవవాడు పెదవి విరిచాడు.

"ఇది బాలేదు తాతగారూ. బస్సు ఎక్కిన దెయ్యం కథే బాగుంది."

అందరూ అదే చెప్పమన్నారు. నది మాత్రం నా మొహమే చూస్తోంది.

"మీరు రోజూ వచ్చేవారా?"

"వార్షికోత్సవానికి ఎప్పుడూ తప్పలేదమ్మా. ఆలస్యమయ్యేది, అంతే."

"వచ్చి ఏం చేసేవారు?"

బుగ్గలు పూరించి కళ్ళు ముక్కు మీదికి తెచ్చాను. ఇన్నేళ్ళ తరవాత కళ్ళు అంత దగ్గరికి రాలేదుగాని, చాలు. ఆ పిల్ల ఫక్కున నవ్వింది. నవ్వు ఆగాక అడిగింది.

"మీ అమ్మాయి ఇప్పుడు ఎక్కడున్నారండీ?"

ఎన్ని అబద్ధాలు అల్లినవాణ్ణి నేను! మబ్బుల్ని పడుకోబెట్టాను, వంతెనల్ని దొర్లించాను. ఆ క్షణాన ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. తలుపు పట్టుకుని నిలబడిపోయాను. ఆ పిల్ల మళ్ళీ అడగలేదు. నా చొక్కా అంచు వదిలేసి, ఆ వింగులో నేను నిలబడే చోట తనే నిలబడి, అక్కడినించి స్టేజీ ఎలా కనబడుతుందో చూసుకుని వెళ్ళింది.

ఆ సాయంత్రం ప్రాక్టీసులో దాని మెడ తిరగలేదు. ఎదురుగా చూసి గిర్రున తిరిగింది. దాని వెనక నీడ కూడా. చాలా బాగుంది, చెప్పొద్దూ. ఎప్పటికంటే వేగంగా తిరిగింది. మా ఆవిడ, "ఊఁ," అంది. అంతకు మించిన మెప్పు ఆవిడ నోట ఎవరూ వినలేదు.

వార్షికోత్సవం నాడు నేను వెనక సందులోంచే వెళ్ళాను. ఖాకీ చొక్కా పెట్టెలోంచి తీస్తే బొత్తాలు పట్టలేదు. టోపీ మాత్రం పట్టింది. హాలు కిటకిటలాడుతోంది. గులకరాళ్ళలో ఒకటి ఏడుస్తోంది, ఒకటి తల్లికి చెయ్యి ఊపుతోంది. చేపలు పొలుసులు రాలుస్తూ పోయాయి. వాన కురిసింది. పడవవాడు గొంతు కీచుమన్నా సర్దుకున్నాడు. నది కొండ దిగి వచ్చింది.

చూడదని తెలుసు. అయినా టోపీ వెనక్కి తిప్పుకున్నాను. బుగ్గలు పూరించాను. కళ్ళు దగ్గరికి తెచ్చుకుని సిద్ధంగా నిలబడ్డాను.

ఆ పిల్ల ఆగింది. ఎదురుగా, జనం మీదుగా ఎక్కడికో చూసింది. తిరిగింది. లంగా అంచు గొడుగులా లేచింది. హాలంతా చప్పట్లు. అయిపోయింది. ఇక ఎవరూ ఇటు చూడరు.

ఊదిన బుగ్గల్లోంచి గాలి ఎలా వదలాలో తెలియక అలాగే ఉండిపోయాను. అప్పుడు, తిరుగుతున్న పిల్లల అవతల, చాప మీద కూర్చున్న మా ఆవిడ గడ్డం కాస్త పైకెత్తింది. తల తిప్పి, స్టేజీ అంతా దాటి, సూటిగా ఈ వింగులోకి చూసింది. నన్ను చూసింది. టోపీ చూసింది. కింది పెదవిని పంటి కింద నొక్కిపెట్టింది.

అదే మెడ. అదే పెదవి. మా పిల్లకి అది ఎవరి దగ్గరనించి వచ్చిందో నేను ఎన్నడూ ఆలోచించనే లేదు.

కర్ర ఒక దెబ్బ తప్పింది. ఆవిడ చేతిలో తాళం తప్పడం నేను అదొక్కసారే విన్నాను. పిల్లల కాళ్ళు మాత్రం తప్పలేదు.

జనం వెళ్ళిపోయాక, నేను చెక్క చంకన పెట్టుకుని, ఆవిడ కర్ర ఊతంగా పట్టుకుని, ఇంటికి నడిచాం. చుట్టుదారి కాదు, బడి వీధిలోంచే. దీపాలు వెలుగుతున్నాయి. ఆవిడ మోకాళ్ళ కోసం మధ్యమధ్య ఆగాల్సి వచ్చింది. అలా ఓ చోట ఆగినప్పుడు, నా టోపీ ఇంకా వెనక్కే ఉండటం చూసి సరిచేసింది.

"ఈసారి మరీ ఆలస్యం చేశారు," అంది.

గొంతు సవరించుకున్నాను. "ఏం చెయ్యను. ఒక మబ్బొచ్చి రోడ్డుకి అడ్డంగా పడుకుంది."

ఆవిడ కర్ర ముందుకేసి మళ్ళీ నడక మొదలుపెట్టింది.

"లేచిందా మరి?"